చూడ్డానికే బీన్ బ్యాగు, దగ్గే మేనేజరు

మాదాపూర్‌లో ఓ ఆఫీసుకు కొత్త హంగులు దిద్దారు. గోడ నిండా పచ్చటి మొక్కలు, మూలన బీన్ బ్యాగులు, నడుమ టేబుల్ టెన్నిస్ బల్ల. క్లయింట్లు వస్తే ఫొటోలకు బాగుంటుంది. ఉద్యోగి వెళ్లి కూర్చుంటే మాత్రం మేనేజరుగారికి దగ్గొస్తుంది.

"మనది ఫ్లెక్సీ టైమింగే కదండీ?" అన్నాడు కొత్త కుర్రాడు.

"అవును బాబూ! రాత్రి తొమ్మిది దాటాక ఎప్పుడైనా వెళ్లొచ్చు."

పని గంటలు తగ్గించి చూసినవాళ్లూ ఉన్నారు. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ జపాన్ శాఖ శుక్రవారాలు సెలవిచ్చింది, మీటింగులకు అరగంట హద్దు గీసింది. అంతకుముందు ఏడాది ఆగస్టుతో పోలిస్తే ఒక్కో ఉద్యోగి లెక్కన అమ్మకాలు దాదాపు 40 శాతం పెరిగాయి. కరెంటు వాడకమూ తగ్గింది. (మేనేజర్ల దగ్గు తగ్గిందో లేదో లెక్కల్లో లేదు.)

ఇక్కడ మాత్రం వేలంపాట. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు కుర్రకారు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ పాట 90 దాకా వెళ్లింది. పాపం, వారంలో ఉన్నవే 168. అందులో కూకట్‌పల్లి ట్రాఫిక్ వాటా వేరే!

అన్నట్టు, ఆ కుర్రాడికి చివరికి బీన్ బ్యాగ్ దక్కింది. రాత్రి పదకొండింటికి, ఒళ్లో లాప్‌టాప్‌తో.