సంచీవని

కాళిదాసు కావ్యాలకి మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. చేతిసంచి సర్దుకునేవాడికి ఇంతకు మించిన సూత్రం లేదు. అంచేత మా మావయ్య పద్యానికి నేను రాస్తున్న ఈ వ్యాఖ్యకి సంచీవని అని పేరు. పేరు వరకే అరువు. ఒట్టు జోలికి పోలేదు.

అవతారిక

మావయ్యది రామతీర్థం. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. ఈ జూన్‌లో అత్తయ్యతో కలిసి యూరప్ చూడ్డానికి వెళ్తున్నాడు. పదహారు రోజులు, ఏడు ఊళ్లు. టిక్కెట్లు తీసింది జర్మనీలో ఉన్న కూతురు. చవగ్గా వచ్చాయంది. ఎందుకు చవకో టిక్కెట్టు మూడో పేజీలో ఉంది: లోపల వేసే లగేజీ లేదు, మనిషికి ఒక చేతిసంచి, ఏడు కేజీలు. ఆ మూడో పేజీ వెనకే మావయ్య ఈ పద్యం రాశాడు. మొదట కందం ఎత్తుకున్నాడట. కందానికి ప్రాస కూడా మొయ్యాలి కదా, బరువని దించేసి ఆటవెలదిలోకి సర్దాడు.

ఏడు కేజులందు నేడూళ్లు చూడరా
నూనె వలదు నేయి నూరు మించ
మూడు చొక్క లొక్క మూరెడు తువ్వాలు
రామతీర్థవాస! రామచంద్ర!

ప్రతిపదార్థం

రామతీర్థవాస = నెల్లిమర్ల దగ్గరి రామతీర్థమున కొండ కింద నివాసముగా కలవాడా; రామచంద్ర = ఓ రామచంద్రా; ఏడు కేజులందు = సంచితో సహా ఏడు కిలోల బరువులో; ఏడు ఊళ్లు = ఏడు పట్టణములను; చూడరా = చూచి రమ్ము; నూనె వలదు = తైలము కూడదు; నేయి = ఘృతము; నూరు మించ = నూరు మిల్లీలీటర్లు దాటగా (దీని మీద తగవు ఉంది, కింద చూడండి); మూడు చొక్కలు, ఒక్క మూరెడు తువ్వాలు = స్పష్టము. చాలును అని అధ్యాహారము.

విశేషములు

ఏడు. కేజీలూ ఏడే, ఊళ్లూ ఏడే. ఊరికి ఒక కేజీ అని లెక్క. ఖాళీ పెట్టె బరువు మర్చిపోయినవాడే ఈ లెక్కకి మురుస్తాడు. నాలుగు చక్రాల గట్టి ప్లాస్టిక్ పెట్టె తనంతట తనే రెండున్నర, మూడు కేజీలు తూగుతుంది. అంటే ఏడింటిలో మూడూళ్లు పెట్టెకే పోయాయి. మావయ్య గుడ్డసంచి చాలన్నాడు. నెల్లిమర్ల జూట్ మిల్లు పక్కన పుట్టి పెరిగినవాడికి ఆ మాత్రం తెలియాలి.

కేంద్రంలో విమానాల శాఖకి 2014 నుంచి 2018 దాకా విజయనగరం అశోక్ గజపతిరాజు మంత్రి. 2024 నుంచి శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు. "ఇద్దరూ మనోళ్లే కదా, ఓ కేజీ పెంచితే ఏటైపోద్ది?" అని అత్తయ్య శంక. తూకం మంత్రిత్వశాఖది కాదు, విమాన కంపెనీలదని సమాధానం. ఒకరు ఏడంటే ఒకరు ఎనిమిదంటారు. యూరప్ లోపల ఊరికీ ఊరికీ తిరిగే చవక విమానాల్లో కొందరు బరువు మాటే ఎత్తరు, సీటు కింద పట్టాలంటారు. కొలత కూడా పద్యంలో లేదు కాబట్టి వ్యాఖ్యాత చెప్పాలి. మన దగ్గర కొన్ని కంపెనీలు చెప్పేది 55 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 మందం. మన లెక్కలో మూరా అయిదు వేళ్ల పొడవు, మూరకి మూడు వేళ్లు తక్కువ వెడల్పు, జానెడుకి కాస్త తక్కువ మందం. చక్రాలూ పిడీ కూడా ఈ కొలతలోకే వస్తాయి.

నూనె వలదు నేయి. ఇక్కడే పండితులు కొట్టుకునేది. 2006 ఆగస్టులో లండన్ నుంచి అట్లాంటిక్ దాటే విమానాలని ద్రవరూపంలోని పేలుడు పదార్థాలతో కూల్చాలన్న కుట్ర బయటపడింది. ఆ నవంబరు నుంచి యూరప్‌లో చేతిసంచిలో ఏ ద్రవమైనా నూరు మిల్లీలీటర్ల సీసా దాటకూడదన్నారు. సీసాలన్నీ కలిపి లీటరు పట్టే తేట సంచిలో ఉండాలన్నారు. ముద్దలూ లేహ్యాలూ ద్రవాల కిందే లెక్క. మరి ఆవకాయ ద్రవమా, ఘనమా?

పూర్వపక్షం: ముక్క ఉంది, టెంక ఉంది, కొరికితే పన్ను కదులుతుంది, కాబట్టి ఘనం. సిద్ధాంతం: నూనె పైకి తేలింది, కాబట్టి ద్రవం. నూనె వంచేసి పట్టుకెళ్లచ్చు కదా అంటే, నూనె లేని ఆవకాయ ఆవకాయే కాదు గనక చర్చే లేదు.

నెయ్యి మరీ చిత్రం. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ద్రవత్వం రెండు రకాలన్నాడు. నీళ్లకున్నది పుట్టుకతో వచ్చింది. రెండోది వేడి తగిలితే వచ్చేది, దానికి ఆయన చూపించిన ఉదాహరణ నెయ్యే. ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు ఘనం, విశాఖపట్నం విమానాశ్రయం చేరేసరికి ద్రవం. తనిఖీ బల్ల దగ్గర ఈ తర్కం వినిపించబోయి వరస ఆపేసేవాడు మావయ్య. అంత దూరం పోనక్కర్లేదు, యూరప్ కూటమి దేశాల్లోకి బయటివాళ్లు సొంత సామానులో పాలతో చేసినవీ, మాంసంతో చేసినవీ తేవడమే నిషిద్ధం. నూరైనా సరే, పదైనా సరే. అలాగైతే 'నేయి నూరు మించ' అన్న కవి తప్పు చేశాడా?

చెయ్యలేదు. ఇది దేహలీదీపన్యాయం. గడప మీద పెట్టిన దీపం లోపలికీ వసారాలోకీ వెలుగిస్తుంది. అలాగే నూనెకీ నేతికీ మధ్యనున్న 'వలదు' ఇటూ అటూ పనిచేస్తుంది: నూనె వలదు, వలదు నేయి. మిగిలిపోయిన 'నూరు మించ' తలనూనె, పళ్లపేస్టు, షాంపూల గురించి. అవి మించగా కూడదని అధ్యాహారం. కవికి ఇంత తెలుసా అని అడక్కండి. తెలియకపోతే వ్యాఖ్యాత ఉన్నదెందుకు?

మరి తినడానికో? భీమాళి మామిడితాండ్ర. అందులో నూనె లేదు, పాలు లేవు, కారదు, ఒలకదు, బట్టల మడతల్లో మడతలా పడుకుంటుంది. ఎండలో పొరమీద పొర పోసి ఆరబెట్టేవాళ్లకి విమానం సంగతి తెలీదు, కానీ విమానానికి ఇంతకన్నా యోగ్యమైన వంట ఉత్తరాంధ్రలో లేదు.

మూడు చొక్కలు. చొక్కాలు అనవలసిన చోట చొక్కలు అన్నాడు. ఛందస్సు కోసం దీర్ఘం కత్తిరించాడని పైపైన చదివేవాళ్లంటారు. కాదు, పొట్టిచేతుల చొక్కాలే పెట్టుకోమని ధ్వని. యూరప్ అనగానే ఉన్ని కొనేవాళ్లకి ఇది చురక. 2019 జులై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు కాసింది. రోహిణీకార్తెలో విజయనగరం కోట దగ్గర నిలబడినవాడికి అది కొత్త కాదు. అయితే స్విట్జర్లాండులో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే చోటికి రైల్లో ఎక్కిస్తారు. 3,454 మీటర్ల ఎత్తు, జులైలోనూ మంచే. దానికో స్వెట్టరు కావాలి. పద్యంలో లేదే? ఒంటిమీద ఉన్నది తూకానికి రాదు, పద్యానికీ రాదు. బూట్లూ అంతే, తొడుక్కునే విమానం ఎక్కాలి.

మూడే ఎందుకు అంటే ప్రమాణం ఊళ్లోనే ఉంది. రామతీర్థంలో గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారం శిథిలాలున్నాయి. 20వ శతాబ్ది మొదట్లో అలెగ్జాండర్ రే తవ్వించాడు. ఆ విహారాల్లో ఉండే భిక్షువుకి సొంతం అనదగ్గవి ఎనిమిదే: మూడు చీవరాలు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడకట్టే గుడ్డ. గుడ్డలు మూడు, చొక్కలు మూడు. ఈ ఎనిమిదిలో మంగలికత్తిని ఇవాళ చేతిసంచిలో రానివ్వరు. ఆ పక్క కొండ గుహలో తూర్పు చాళుక్య విమలాదిత్యుడి కాలంనాటి, అంటే 11వ శతాబ్ది మొదటిపాదపు, కన్నడ శాసనం ఉంది. త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైన ఆచార్యుడు రామకొండకి మొక్కాడని చెబుతుంది. దిగంబర మునికి నెమలీకల పింఛిక, కమండలం, అంతే సామాను. చొక్కల ప్రసక్తే లేదు. ఆ మార్గం ఉత్తమం అయినా వీసావాళ్లు ఒప్పుకోరు.

మూడు చొక్కలతో పదహారు రోజులంటే రాత్రి ఉతికి పొద్దున తొడుక్కోవాలి. జీన్సు గుడ్డ తెల్లారేసరికి ఆరదు. పొందూరు ఖద్దరు ఆరుతుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, నూరు కౌంటు దాకా వడికిన నూలు అది. మావయ్యకి రెండు చొక్కాలు దాంతోనే కుట్టించాం.

మూరెడు తువ్వాలు. శివరాత్రికి రామతీర్థం వచ్చేవాళ్లని చూడండి. జాగారం, స్నానం, దర్శనం అన్నీ ఒక తువ్వాలుతో నడిపిస్తారు. తడిస్తే ఒళ్లు తుడుస్తుంది, ఎండకి తలమీద ఉంటుంది, రాత్రికి తలకింద ఉంటుంది. టర్కీ తువ్వాలు అర కేజీ, అంటే అర ఊరు. ఇక్కడ కవి బిడియపడి వదిలేసిన వస్తువొకటుంది: మగ్గు. అక్కడి మరుగుదొడ్లలో కాగితమే ఉంటుంది. అత్తయ్య మొదట బుడితి ఇత్తడి చెంబు పెట్టింది. చెంబు దిగింది, ప్లాస్టిక్ మగ్గు ఎక్కింది, అదీ దిగింది. చివరికి రెండు అర లీటరు ఖాళీ నీళ్లసీసాల దగ్గర సంధి కుదిరింది. తనిఖీ దాటేదాకా ఖాళీగా, ఆ తరవాత తాగడానికి ఒకటి, ఇంకొకటి ఇంకొకందుకు. రెంటికీ వేర్వేరు రంగు మూతలు.

బహుసామానవాదుల పూర్వపక్షం

ఎండాకాలం యూరప్ ప్రయాణంలో మా జిల్లాకి ఒక ఘనత ఉంది. 1936లో భారత క్రికెట్ జట్టు ఇంగ్లండు వెళ్లింది. నాయకుడు విజ్జీ, విజయనగరం మహారాజకుమార్. రామతీర్థం గుడికి అనువంశిక ధర్మకర్తలైన పూసపాటివారి బిడ్డ. ఆయన వెంట ఇద్దరు నౌకర్లు, 36 సామాన్లు. మూడు టెస్టులాడి చేసిన పరుగులు 33. సామానుకి పరుగు చొప్పున వేసినా మూడు పెట్టెలు ఖాళీగా తిరిగొచ్చాయి. రెండు టెస్టులు ఓడారు, ఒకటి డ్రా. జట్టులో బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టుకి ముందే ఇంటికి పంపేశారు. సామాను తగ్గించుకోలేక ఆటగాణ్ణి తగ్గించుకున్నారని నా అభిప్రాయం. ఆ ఎండల్లోనే విజ్జీకి సర్ బిరుదు కూడా వచ్చింది. అది 37వది.

ఈ విషయం మీద తెలుగులో రాసేవాళ్లెవరూ బారిస్టర్ పార్వతీశాన్ని తేకుండా ఉండలేరు. నేనూ తెచ్చాను. చోటు లేదు, దించేస్తున్నాను.

అల్పసామానవాదులు రాముణ్ణి చూపిస్తారు. అడవికి వెళ్తూ వాల్మీకి రాముడు అడిగింది ఒక పలుగు, ఒక బుట్ట. కట్టుకోవడానికి నారచీర. అక్కడితో ఆపేస్తారు. తరవాత జరిగింది చెప్పరు. దశరథుడు కోశాధికారిని పిలిచి, పద్నాలుగేళ్లూ లెక్కకట్టి కోడలికి సరిపడా చీరలూ నగలూ తెమ్మన్నాడు. వెళ్లేవాళ్లు అడగలేదు. పంపేవాడు ఉండలేకపోయాడు.

నా మటుకు ఈ పద్యానికి తాళంచెవి ఇక్కడుంది. సంచి బరువు ప్రయాణం చేసేవాడిది కాదు, సాగనంపేవాడిది. విజ్జీ 36 పెట్టెలు విజ్జీవే కావచ్చు. రాజుల సంగతి వేరు. కానీ మా ఇంట్లో మూడు రోజులుగా సంచిలోకి ఎక్కుతున్నవేవీ మావయ్యవి కావు. అత్తయ్య తనకోసం పెట్టుకుంది నాలుగు చీరలూ మందుల డబ్బా. పదహారు రోజులు రొట్టెముక్క తిని ఉండగలనంటుంది. ఆవకాయ కూతురికి. సున్నుండలు కూతురి పక్కగదిలో ఉండే గుంటూరు పిల్లకి. ఆ పిల్లని అత్తయ్య ఫోన్లో తప్ప చూడలేదు. పక్కింటావిడ తన మనవడికని జంతికల పొట్లం తెచ్చింది. మనవడుండేది ఐర్లండులో, ఏడూళ్లలో అది లేదు. "ఆ పక్కనే కదమ్మా" అంది.

రామచంద్ర. ఈ సంబోధన దేవుడికా, మనిషికా? మా ఊళ్లో వీధిలో నిలబడి రాముడూ అని పిలిస్తే ఇంటికొకడు పలుకుతాడు. దేవుణ్ణి 'చూడరా' అంటాడా అని ఒక శంక. శతకకవులు అంతకన్నా ఘోరంగా పిలిచారు కాబట్టి అది నిలవదు. ఇంకొకటి: పరస్పరం చూసుకోవలసిన దంపతుల్లో ఒకరు రెండోవాళ్లకి నేరుగా చెప్పలేని మాట దేవుడి మీద పెట్టి చెప్పడం తెలుగిళ్లలో పాత అలవాటు. మావయ్య ఈ పద్యాన్ని మూడుసార్లు పైకి చదివాడు. మూడుసార్లూ వంటింటి వైపు తిరిగే చదివాడు.

పాఠభేదం

ఈ పద్యానికి రెండు ప్రతులున్నాయి. ఒకటి టిక్కెట్టు వెనకది. రెండోది ఫ్రిజ్ తలుపు మీద, అత్తయ్య చేతిరాత. రెండో ప్రతిలో రెండో పాదం ఇలా ఉంది: నూనె కలదు నేయి నూరు మించ.

తేడా ఒక్క అక్షరం. వలదు మూడు లఘువులు, కలదూ మూడు లఘువులే. యతి నూనెకీ నూరుకీ, అది కదల్లేదు. గడప మీది దీపం ఇప్పుడూ రెండు వైపులా వెలుగుతోంది: నూనె కలదు, కలదు నేయి. ఛందస్సులో తప్పు పట్టడానికి మావయ్య కళ్లజోడు పెట్టుకుని పది నిమిషాలు చూశాడు, దొరకలేదు.

"రాతలో పొరపాటా అత్తయ్యా?" అని అడిగాను.

"సూసి రాసినదాన్నే కదా బాబూ" అంది.

బియ్యం కొట్టు నుంచి తెచ్చిన కొక్కెం కాటా వసారాలో వేలాడుతోంది. మావయ్య సంచి ఆరు కేజీల ఎనిమిది వందలు. అత్తయ్యది ఇంకా తూచలేదు. మీద మోకాలు ఆనించి జిప్పు లాగుతోంది.