మబ్బుల్లోకి వెళ్లే ముందు కొత్తగూడలో కోర్సు కొనడమెలా?

తమ్ముడూ, సాఫ్ట్‌వేర్ విసుగెత్తి పైలట్ అవుదామనుకున్నావు, సంతోషం. 2023లో కొత్తగూడ ఫ్లైఓవర్ తెరిచినప్పటి నుంచి మన ఏరియాలో అందరికీ పైనుంచి చూసే అలవాటైపోయింది. ఇక గ్రౌండ్ స్కూల్ సంగతంటావా, నన్నడుగు. మీటియరాలజీ పేపరు మూడుసార్లు రాసినవాణ్ని. ఒక్కసారికే పాసైనవాడికి ఏం అనుభవం ఉంటుంది?

ముందు ఫీజు మొత్తం ఒకేసారి కట్టెయ్. క్లాస్ 1 మెడికల్ తర్వాత చూసుకోవచ్చు. ముందే చేయించుకుంటే ఏ కన్నో చెవో పనికిరాదని తేలి డబ్బు మిగిలిపోతుంది. మిగిలితే ఏం చేస్తావ్, నార్సింగిలో ఫ్లాట్‌కి అడ్వాన్సు ఇస్తావా?

స్కూలు నీ పీజీ హాస్టల్‌కి నడిచివెళ్లే దూరంలో ఉండాలి. హైటెక్ సిటీలో మెట్రో ఎక్కితే బేగంపేట నేరుగా వస్తుంది. అక్కడి పాత విమానాశ్రయంలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. అంత దూరం పోకు. విమానాలు నడిపేవాళ్లు ఎదురుపడితే లేనిపోని సందేహాలొస్తాయి. మరీ మెట్రో ఎక్కాల్సొస్తే దానికి ముందు స్టేషన్, కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటలోనే దిగిపో. జావా అయినా శాప్ అయినా డంప్స్ బట్టీపట్టి గట్టెక్కిన జాతి మనది. ఆ పద్ధతి ఆకాశంలో పనిచెయ్యదని ఎవరన్నారు?

అందుకే డెమో క్లాసులో ఒక్కటే అడుగు: "సార్, క్వశ్చన్ బ్యాంక్ ఇస్తారా?" డీజీసీఏ పరీక్షల్లో పాస్ మార్కు 70 శాతం, నెగెటివ్ మార్కులు లేవు. వందలో ముప్పై తెలియకపోయినా వాళ్లకి అభ్యంతరం లేదన్నమాట, ఇక నీకెందుకు? ఆ ముప్పైలో ఆల్టిమీటర్ సెట్టింగ్ ఉందే అనుకో. బయట పీడనం 1003 హెక్టాపాస్కల్స్ ఉంటే నువ్వు 1013 మీదే వదిలేశావు. ఒక్కో హెక్టాపాస్కల్‌కి దాదాపు 30 అడుగుల తేడా. అంటే ముల్లు చూపించే ఎత్తుకంటే నువ్వు 300 అడుగులు కిందున్నావు. మబ్బులోంచి బయటపడ్డాక ఎలాగూ తెలుస్తుంది, తొందరేముంది?

ఐ.సి. జోషి గారి మీటియరాలజీ పుస్తకం మాత్రం కొను. మానిటర్ ఎత్తు పెంచుకోవడానికి దాన్ని మించింది లేదు. నాది ఇప్పటికీ దాని మీదే ఉంది.

ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కి 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ కావాలి, అందులో సిమ్యులేటర్ మీద 20 గంటలకు మించి లెక్కలోకి రాదు. హాస్టల్లో నేను లాప్‌టాప్ మీద శంషాబాద్‌లో దిగిన గంటలు 300 దాటాయి. రూల్స్ రాసేవాళ్లకి ప్రతిభంటే గిట్టదు.

ఇక పాత కథలు చెప్పే మాస్టార్ల జోలికి పోకు. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీవాళ్లు ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందికి బయటి దృశ్యం కనిపించకుండా చేసి విమానం నడపమన్నారట. 20 మందీ అదుపు తప్పారు, సగటున 178 సెకన్లలో. ఇలాంటివి వింటే నిద్రపట్టదు, మార్కులూ రావు.

ఒకచోట నాకైన అనుభవం చెబుతాను. మాస్టారు నన్ను గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లకి చేతిరుమాలు కట్టి, మెల్లగా కుడివైపు తిప్పడం మొదలెట్టారు. కాసేపటికి తిరగడం ఆగినట్టనిపించింది. "ఆపేశారు సార్" అన్నాను. క్లాసులో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకాసేపటికి చూస్తే కుర్చీ ఎడమవైపు గిర్రున తిరుగుతోంది. "ఇప్పుడు ఎడమకి తిప్పుతున్నారు సార్!" అని చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఈసారి క్లాసంతా గొల్లుమంది. రుమాలు తీస్తే మాస్టారు ఎక్కడో బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడున్నారు. కుర్చీ ఆగి చాలాసేపైందట.

ఆ సాయంత్రమే ఫీజు వెనక్కిమ్మని దరఖాస్తు పెట్టాను. కుర్చీలు సరిగా లేని చోట చేరకు తమ్ముడూ.