కాజీపేట క్వార్టర్‌లో నేనొక కుక్కర్ని

నేను ఐదు లీటర్ల అల్యూమినియం కుక్కర్ని. కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఒక ఇంటికి కోడలి సారె సామానుతో పాటు వచ్చాను. పప్పు, ఆలుగడ్డ ఉడికించడం నాకు రోజూ ఉండే పనే. నా అసలు పండగ మాత్రం వానాకాలం చేలు కంకి పట్టినప్పుడు మొదలవుతుంది. ధర్మసాగర్, మడికొండ వైపు నుంచి పచ్చి మక్కకంకులు వచ్చాయంటే పొయ్యి మీద నాకు తీరిక ఉండదు.

మా వంశం సంగతి కొంచెం చెప్పాలి. 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మూత బిగించిన పాత్రలో ఆవిరిని బంధించి, ఎముకల్ని సైతం మెత్తబరిచే సాధనాన్ని లండన్‌లో తయారుచేశాడు. పాత్ర పేలిపోకుండా ఆవిరిని బయటికి వదిలే వాల్వు కూడా ఆయన ఆలోచనే. ఆ పాపినే 1690లో ఆవిరి బలంతో పిస్టన్‌ను కదిలించవచ్చని రాశాడు. అంటే బొగ్గు రైలింజనుకూ నాకూ మూలపురుషుడు ఒక్కడే. ఒకప్పుడు ఆవిరి ఇంజన్లు కూత పెట్టిన జంక్షన్‌లో కాపురం దొరికినందుకు నాకెంతో గర్వం.

మొదట్లో ఈ ఇంటి పెద్దావిడ నన్ను నమ్మలేదు.

"కంకి అంటె బొగ్గుల మీద కాల్చాలె బిడ్డా. గీ గిన్నెల ఉడకబెడితె ఏం రుచుంటది?"

"ఒక్కసారి తిని చూడుండ్రి అత్తమ్మా, నచ్చకుంటె మల్ల పెట్ట" అంది కోడలు.

ఆ రోజు కోడలు చేసిన పద్ధతే నేటికీ ఈ ఇంట్లో నడుస్తోంది. కంకి పై ఆకులు ఒలిచి, లోపలి లేత ఆకులు రెండు మూడు ఉంచుతుంది. పీచు తీసేసి ఆ ఆకుల్ని మళ్లీ గింజల మీదికి కప్పుతుంది. పొడుగు కంకుల్ని రెండుగా విరుస్తుంది. నాలో గ్లాసున్నర నీళ్లు, చారెడు రాళ్ల ఉప్పు, చిటికెడు పసుపు వేసి కంకుల్ని నిలబెడుతుంది. అవి మునగాల్సిన పనిలేదు, వాటిని ఉడికించేది ఆవిరే. మామూలు పాత్రలో నీళ్లు వంద డిగ్రీల దగ్గరే మరుగుతాయి. నాలో ఒత్తిడి పెరిగేకొద్దీ వేడి 120 దాకా పోతుంది. అందుకే గోరుతో గిచ్చితే పాలు చిమ్మే లేత కంకికి రెండు విజిల్స్ చాలు. గింజ కొంచెం గట్టిపడ్డ నాటు కంకికి నాలుగు కావాలి. స్వీట్‌కార్న్‌కి ఒక్కటే ఎక్కువ.

పొయ్యి ఆపగానే నా మీద చెయ్యి వేయకూడదు. ఆవిరి దానంతటది దిగాలి. ఆకు విప్పితే పసుప్పచ్చని గింజలు ఉబ్బి, మెరుస్తూ కనబడతాయి, తియ్యని ఆకు వాసన వంటిల్లంతా కమ్ముతుంది. పెద్దావిడ ఆ రోజు ఒక ముక్క నమిలి, ఇంకోటి అడిగింది. "పండ్లు ఊడినోళ్లకు గిదే మంచిగున్నదే" అంది. అంతకంటే పెద్ద మెప్పు నాకు తెలియదు.

ఇంటాయన రైలు నడుపుతాడు. బల్లార్షా వైపు డ్యూటీ పడితే వెంట తీసుకెళ్లే సామాను పెట్టె, అదే లైన్‌బాక్సులో రెండు కంకులు ఆకులతోనే చుట్టి పెట్టుకుంటాడు. ఆకు ఉండటం వల్ల గింజ ఎండదు. ఏ అర్ధరాత్రో సిగ్నల్ కోసం ఆగిన చోట ఆకలి వేస్తే, కూర కలుపుకోవాల్సిన పనిలేని తిండి అది.

నాకు బాధ కలిగించేది ఒక్కటే. ఉడికించిన ఉప్పునీళ్లను రాత్రంతా నాలోనే వదిలేస్తే నా అడుగున సన్నటి గుంటలు పడతాయి. అల్యూమినియానికి ఉప్పు పడదు. వెంటనే కడిగితే చాలు. లోపల నల్లబడితే చింతపండు వేసి నీళ్లు కాచండి, మళ్లీ తెల్లబడతాను.

కంకులు కొన్న పూటే ఉడకబెట్టండి. కోసిన క్షణం నుంచే గింజలోని తీపి పిండిగా మారడం మొదలవుతుంది, ఎండలో పెడితే మరీ త్వరగా. రెండు రోజులు పడున్న కంకిని నేను మెత్తగా చేయగలను గానీ, పోయిన తీపిని తిరిగి తేలేను. మూత రబ్బరు సాగిపోతే ఆలస్యం చేయకుండా మార్చండి, సేఫ్టీ వాల్వు మాత్రం కంపెనీదే వేయించండి.