షెఫ్ గారూ, మీ పప్పుకు జేజేలు

షెఫ్ గారూ, ముందుగా మీ ఓర్పుకు నమస్కారం. ఢిల్లీలో ఐటీసీ మౌర్య హోటల్లోని బుఖారాలో నల్ల మినుములను రాత్రి తందూర్ సెగ మీదికి ఎక్కిస్తే మర్నాటికి గానీ దించరు. దాదాపు 18 గంటలు. తొందర లేదు, కుక్కర్ కూత లేదు. సన్నని బొగ్గు సెగకు గింజ పగిలి, లోపలి పిండి నీళ్లలోకి జారి, తిప్పుతున్నకొద్దీ పప్పు దానంతట అదే చిక్కబడుతుంది. మీగడ పడకముందే మీగడలా ఉంటుంది. పులుపు ముందే తగిలితే గింజ బిగుసుకుపోయి ఉడకదని తెలిసిన చేతులు మీవి. అందుకే టమాటా గుజ్జుకు కూడా ఒక వేళ ఉంటుంది. మసాలాలు కుమ్మరించరు. అల్లం, వెల్లుల్లి, కారం, వెన్న, మీగడ. ఇంత తక్కువ సరుకుతో అంత రుచి రప్పించడం గొప్ప విద్య. ఈ పొగడ్తలో ఒక్క మాటా అబద్ధం కాదు.

మనుషుల్ని నడిపించడంలోనూ మీరు దిట్ట. పగలంతా కబాబులూ రొట్టెలూ కాల్చిన తందూర్‌లో రాత్రికి మిగిలిన వేడిని వృథా పోనివ్వరు, పప్పు గుండిగకు మళ్లిస్తారు. అడుగంటకుండా తిప్పడానికి ఒకరు, అల్లం వెల్లుల్లి నూరడానికి ఒకరు, టమాటాలు ఉడికించి వడకట్టడానికి ఒకరు, గిన్నెలు తోమడానికి ఇంకొకరు. వీళ్లెవరూ పప్పు గిన్నెతో పాటు బల్ల మీదికి రారు. ఇంతమంది పనిని ఒక్క రుచిగా, ఒక్క పేరు కింద నిలబెట్టడం మీకే చేతనైంది.

మీ ఉదారత కూడా చిన్నది కాదు. వంట కిటుకులు సొంత కొడుకుకు తప్ప మరొకరికి చెప్పని ఉస్తాదుల పరంపర మనది. 1986లో వంటల రచయిత జిగ్స్ కల్రా ‘ప్రషాద్’ పుస్తకంలో పెద్ద హోటళ్ల వంటవాళ్ల వంటకాలను, ఆ వంటవాళ్ల పేర్లతో సహా, కొలతలు కట్టి జనం చేతిలో పెట్టారు. అప్పటిదాకా వంటింటి తలుపు వెనకే ఉండిపోయిన ఉస్తాదులకు అది నిజమైన గౌరవం. ఆ తలుపు మళ్లీ మూతపడలేదు. పుస్తకాల్లో, టీవీల్లో, ఫోన్లలో మీరే కనిపించి, మా హోటల్ పప్పు మీ ఇంట్లోనే చేసుకోండని చెబుతున్నారు. మినుములు ఎన్ని గ్రాములో, వెన్న ఎంతో, మీగడ ఎప్పుడు వెయ్యాలో దాచకుండా చెబుతున్నారు. ఇవ్వగలిగినవన్నీ ఇచ్చారు. రాత్రంతా ఆరని తందూర్, గరిటె పట్టుకుని పక్కన నిలబడే మనిషి మాత్రం కాగితం మీద పట్టేవి కావు.

ఆ కాగితం చేరే ఇల్లు ఎలా ఉంటుందో చెబుతాను. రెండు బర్నర్ల గ్యాస్ స్టవ్. సిమ్‌లో పెట్టినా సరే, స్టవ్ వెలుగుతుండగా నిద్రపోయే ధైర్యం ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. కాబట్టి ముందు రోజు నానేసిన మినుములు కుక్కర్‌కు ఎక్కుతాయి. మెత్తబడ్డాక పప్పుగుత్తితో ఎనిపి, టమాటా, వెన్న వేసి, కాళ్లు లాగేదాకా పొయ్యి దగ్గర నిలబడి తిప్పుతారు. నిలబడేది ఎక్కువగా ఆడవాళ్లే. ఉద్యోగం చేసే మనిషైతే వారానికి దొరికే ఒక్క ఆదివారం ఆ పప్పులో కరిగిపోతుంది. పప్పు బాగుంటుంది. ఒక్క కుంపటి కూడా లేని ఇంట్లో ఆ మాత్రం కుదరడమే గొప్ప. అందరూ కూర్చుని రెండు ముద్దలు తిన్నాక ఒక మాట వస్తుంది: “బాగుందిలే గానీ, హోటల్లోలా రాలేదు.” మీ కొలతల్లో తప్పు లేదు. అది నేనూ ఒప్పుకుంటాను. మీరు అంత పకడ్బందీగా రాశారు కాబట్టే, తప్పు ఎవరిదని వెతికితే ఆమె చెయ్యి తప్ప ఇంకేమీ దొరకదు.

వెన్న దగ్గర మీ వృత్తి నిజాయితీని మెచ్చుకుని తీరాలి. పారిస్‌లో షెఫ్ జోయెల్ రోబుషాన్‌కు ప్రపంచమంతా పేరు తెచ్చిన వంటకం బంగాళదుంపల ముద్ద. రాట్ అనే చిన్న రకం దుంపలను తొక్కతో ఉడికించి, ఒలిచి, మరలో తిప్పి, సన్న సెగ మీద తడి ఆర్చి, చల్లని వెన్న ముక్కలు కలుపుతూ పోయి, వేడి పాలు పోసి, ఆఖరున సన్నని జల్లెడలోంచి దించాలి. కిలో దుంపలకు పావుకిలో వెన్న. ఆయన ఈ లెక్క దాచలేదు, అచ్చు వేయించాడు. ఆ లెక్కను మన ఇళ్లకు తెచ్చి చూడండి. బీపీ మాత్రలు వేసుకునే మామగారూ, గుండె ఆపరేషన్ అయిన పెద్దమ్మా ఒకే గిన్నెలోంచి తినే ఇంట్లో ఏ చెయ్యి అంత వెన్న వేస్తుంది? సగంలోనే ఆగిపోతుంది. వండే మనిషికి తినేవాళ్ల ఒళ్లు తెలుసు. రెస్టారెంటుకు ఆ పూటకు వాళ్ల నాలుక తెలిస్తే చాలు. ఆ సగంలో ఆగిన చెయ్యే, రుచి తెలియని చెయ్యిగా లెక్కలోకి వస్తోంది.

హలీమ్ సంగతిలో హైదరాబాద్ నాకు నచ్చుతుంది. ఇటుకలూ మట్టితో కట్టిన భట్టీ మీద గంటల తరబడి ఉడికించి, పొడుగాటి కర్రలతో మనుషులు దంచితేనే మాంసం, గోధుమ ఒకటవుతాయని అక్కడ అందరికీ తెలుసు. రంజాన్ నెలలో ఆ భట్టీలు వీధిలోకే కనిపిస్తాయి. దంచేవాడి చెమట చూసినవాడు, ఇంట్లో కుక్కర్‌లో చేసిన హలీమ్‌ను పట్టుకుని ఇది దానిలా లేదేమని అడగడు.

ఇక మీ గొప్పల్లోకెల్లా గొప్పది మీ చూపు. ఏది నిలిచే రుచో మీకు ఇట్టే తెలుస్తుంది. పంజాబ్ పల్లెల్లో రొట్టెలు కాల్చాక ఆరిపోతున్న నిప్పుల మీద మినుముల కుండ పెట్టి, తెల్లవారేదాకా వదిలేసేవారు. మన పల్లెల్లోనూ ఆ సెగ ఉండేది. దాలిలో పిడకల మీద పాలు గంటల కొద్దీ కాగి, ఎర్రబడి, మందంగా మీగడ కట్టేవి. రాత్రంతా ఉడికే ఓర్పు హోటళ్లలో పుట్టలేదు, ఇళ్లలో పుట్టింది. దేశ విభజన తర్వాత పెషావర్ నుంచి ఢిల్లీ చేరినవాళ్లు దర్యాగంజ్‌లో మోతీ మహల్ పెట్టారు. ఆ మినుములు టమాటా, వెన్నలతో కలిసి దాల్ మఖనీగా పేరుకెక్కింది ఢిల్లీ హోటళ్లలోనే. వాటికి ఆ వన్నె తెచ్చింది మీవాళ్లే, కాదనను. 2024 జనవరిలో ఆ పప్పునూ బటర్ చికెన్‌నూ కనిపెట్టింది మేమంటే మేమని రెండు రెస్టారెంట్ల తగువు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. నిప్పులు ఆరకముందే కుండ ఎక్కించిన పంజాబీ తల్లుల తరఫున ఆ కోర్టులో వకీలు లేడు.

బుఖారాలో క్లింటన్ పేరున ఒక పళ్లెం ఉంది, ఒబామా పేరున ఒకటి ఉంది. తిని మెచ్చుకున్నవాళ్లను అంతగా గుర్తుపెట్టుకునే సంస్కారం మీది. అందుకే అడుగుతున్నాను. తర్వాతి పుస్తకంలో ఆ పప్పు పేజీలో, మీ పేరు కింద, ఈ పద్ధతి ఏ ఊళ్ల వంటిళ్లలోంచి వచ్చిందో ఒక వాక్యం రాయండి. కొలతల పక్కనే ఎన్ని గంటల సెగ, ఏ సెగ, ఎంతమంది చేతులు అన్నది కూడా గ్రాములంత కచ్చితంగా రాయండి. ఆ పేజీ వంట చేసిన ఆమె మాత్రమే కాదు, కూర్చుని తిన్నవాళ్లు కూడా చదవాలి.