మూడు శాతం మొండితనం

మాల్దీవుల్లో ఇంగ్లీషు టీచరుగా ఉన్నప్పుడు నేను చేసిన తెలివితక్కువ పనిని అంకెలతో చెప్పడమే నయం. ఒట్టి మాటల్లో చెబితే మధ్యలో సాకులు దూరతాయి.

2016 జనవరిలో వెళ్లాను. అక్కడ బళ్లలో ధివేహి, ఇస్లాం తప్ప మిగతా పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. పెద్ద తరగతుల పిల్లలు కేంబ్రిడ్జి పరీక్షలు రాస్తారు. అందుకే ఏ మూల దీవికి వెళ్లినా మన దేశం టీచర్లు కనిపిస్తారు. ఖమ్మంలో ప్రైవేటు బడి ఇచ్చే జీతానికి అక్కడి జీతం కొన్ని రెట్లు. ఆ తేడా కోసమే కూతుర్ని అమ్మ దగ్గర వదిలి వెళ్లాను. దిగిన రోజు నుంచీ ఒకటే ధ్యాస, మిగల్చాలి.

అక్కడి రుఫియా అంటే అప్పట్లో మన నాలుగు రూపాయల పైమాట. దుకాణంలో ఏది పట్టుకున్నా మనసులో నాలుగుతో గుణించేదాన్ని. కూరగాయలు చాలావరకు రాజధాని మాలె నుంచి పడవ మీద రావాలి, సముద్రం బాగోలేకపోతే అవీ రావు. ధర గుణించి చూసుకుని టొమాటోలు బుట్టలోంచి తీసి మళ్లీ అక్కడే పెట్టేసేదాన్ని. పప్పు, అన్నం, డబ్బాలో చేప. ఇళ్ల పెరళ్లలో ములగచెట్లు ఉండేవి. అడిగితే ఆకు ఊరికే కోసుకోనిస్తారు. కానీ అడగడానికి వెళితే కూర్చోబెట్టి టీ ఇస్తారు, చేపముక్కలు కూరి వేయించిన చిరుతిళ్లు పెడతారు. అలా తిన్నాక వాళ్లను నేనూ పిలవాలి కదా! ఆ ఖర్చుకు భయపడి గదిలోంచి కదిలేదాన్ని కాదు. రంజాన్ నెలలో పక్కింటావిడ సాయంత్రాలు గిన్నెతో ఏదో ఒకటి పంపేది. ఎవరి గిన్నెనూ వట్టిది తిరిగి ఇవ్వకూడదని అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది. నేను ఆ గిన్నెలు కడిగి వట్టివే ఇచ్చేదాన్ని. డబ్బు నష్టం సంగతి తర్వాత చెబుతాను గానీ, ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

2016 అక్టోబరులో కొత్త పన్ను వచ్చింది. అక్కడ పనిచేసే విదేశీయులు సొంత దేశానికి పంపే డబ్బు మీద నూటికి మూడు. నాకు ఒళ్లు మండింది. నా చెమట డబ్బు నా ఇంటికి పంపుకోవడానికి సుంకమేమిటి అనుకున్నాను. ఆ కోపం తప్పని ఇప్పటికీ అనను. తప్పంతా ఆ కోపంతో నేను చేసిన పనిలో ఉంది. ఇంటికి పంపడం ఆపేశాను. ఇక్కడే బ్యాంకులో దాచి, ఉద్యోగం వదిలేటప్పుడు డాలర్లు కొని వెంట తీసుకుపోదామని లెక్క వేసుకున్నాను.

ఆ దేశంలో డాలరు సంగతి నాకు తెలియక కాదు. 2011లో ప్రభుత్వం డాలరుకు 12.85 రుఫియాలు పెట్టి, అటూ ఇటూ 20 శాతం దాకా కదలొచ్చని హద్దు గీసింది. రేటు పై అంచుకి, అంటే 15.42కి చేరి అక్కడే ఆగిపోయింది. డాలర్లు వచ్చేది రిసార్టుల్లో. బియ్యం దగ్గర నుంచి సబ్బుదాకా బయటి నుంచే రావాలి కాబట్టి వ్యాపారులకు ఎన్ని డాలర్లున్నా చాలవు. ఆ రేటుకి బ్యాంకులో డాలరు దొరకడం గగనం, బయట కొంటే ఎక్కువ పెట్టాలి. ఇదంతా స్టాఫ్ రూములో రోజూ వినే మాటే. మాతో పనిచేసే శ్రీకాకుళం మాస్టారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు కూడా: “ఏటమ్మా నువ్వు! ఆ మూడూ జీతంలో లేవనుకో. నెల నెలా ఇంటికి పంపించేయ్.” ఆయన ఊళ్లో, విదేశాల్లో ఉండేవాళ్లకు మన బ్యాంకులిచ్చే ఎన్ఆర్ఈ ఖాతా తెరిచి, ఎప్పటికప్పుడు అందులో డిపాజిట్ చేసేవారు. ఆ వడ్డీ మీద మన దగ్గర పన్ను కూడా లేదు. నేను తల ఊపాను. ఆ ఖాతా కాగితాలు తెచ్చుకున్నాను కూడా, నింపలేదు.

2017లో అమ్మాయి ఇంటర్‌లో చేరింది. కాలేజీ ఫీజు, హాస్టలు. అమ్మ ఫోన్ చేసి, “నీకు వీలైనంత పంపవే” అంది.

“ఇక్కడి బ్యాంకు పంపనివ్వడం లేదమ్మా. ఎక్కడైనా సర్దు, వచ్చేటప్పుడు ఒకేసారి తెస్తాను” అన్నాను.

అమ్మ సర్దింది. వీధి చివర వడ్డీలకిచ్చేవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఏడాదికి నూటికి ఇరవైనాలుగు. నా రుఫియాలు మాలె బ్యాంకులో ఊరికే పడి ఉన్నాయి. మూడు కట్టడానికి మనసొప్పని నేను, అమ్మ చేత ఇరవైనాలుగు కట్టించాను. రెండో ఏడాది ఫీజుకీ అదే జరిగింది. ఇంగ్లీషు పాఠం చెప్పే మనిషినే, కానీ శాతాలు రాకపోలేదు. ఆ రెండు అంకెల్నీ ఒక్కసారైనా పక్కపక్కన రాసి చూసుకోలేదు, అంతే. ఖాతాలో నిల్వ పెరుగుతుంటే నాలుగుతో గుణించి, మురిసి, నిద్రపోయేదాన్ని.

జూన్ సెలవుల్లో తోటివాళ్లు ఇళ్లకు వెళ్లేవారు. టికెట్ డబ్బు మిగులుతుందని నేను ఆగిపోయేదాన్ని. అమ్మాయి పది నుంచి ఇంటర్‌కి ఎలా మారిందో, గొంతు ఎప్పుడు పెద్దమనిషి గొంతయిందో నాకు ఫోన్లోనే తెలిసింది.

2019 చివర బడి ఏడాది ముగియగానే ఉద్యోగం వదిలాను. బ్యాంకుకి వెళితే, దాచిందంతా ఒకేసారి డాలర్లుగా ఇవ్వడం కుదరదన్నారు. బయట కొన్నాను. డాలరు 17 రుఫియాలు. లక్ష రుఫియాలు బ్యాంకు రేటుకి 6,485 డాలర్లు. పన్ను కట్టి నెల నెలా పంపి ఉంటే 6,290 ఇంటికి చేరేవి. నా చేతికి వచ్చినవి 5,882. ప్రతి లక్షకీ నాలుగు వందల పైచిలుకు డాలర్లు నా మొండితనం ఖరీదు. ఈలోగా రూపాయి కాస్త పడింది కాబట్టి దెబ్బ కొంత తగ్గింది, అందులో నా ప్రతిభ ఏమీ లేదు. డిపాజిట్ మీద రావలసిన వడ్డీ, అమ్మ కట్టిన వడ్డీ ఈ లెక్కలో చేర్చలేదు. నేను తిరిగొచ్చిన మరుసటి నెల, 2020 జనవరి నుంచి, ఆ దేశం మూడు శాతం పన్నును ఎత్తేసింది.

వచ్చిన వారంలోనే వీధి చివర బాకీ, మిగిలిన వడ్డీతో సహా తీర్చాను. అమ్మ అప్పునోటు చించేసి, “పాపం, ఆ బ్యాంకువాళ్లు నిన్నెంత ఇబ్బంది పెట్టారో” అంది. అప్పుడూ నేను నోరు విప్పలేదు. అమ్మా, నెల జీతం పంపడానికి ఏ బ్యాంకూ నన్ను ఆపలేదు.