నవలా వ్రతం

తెలుగునాట ఒక వర్గం పాఠకులకు నవల చదవడం కాలక్షేపం కాదు, దీక్ష. మొదటి పేజీ తిప్పాక చివరి పేజీ చూసి తీరాలి. నచ్చకపోయినా సరే, కునుకు ముంచుకొచ్చినా సరే. మధ్యలో ఆపితే వ్రతభంగం. ఆపినవాడు దొరికితే జాలిగా చూసి, "దానికి కొంచెం స్థాయి ఉండాలండీ" అంటారు.

ఈ స్థాయి పరీక్షకు వీళ్లు తరచూ ఇచ్చే ప్రశ్నపత్రం 'వేయిపడగలు'. విశ్వనాథ సత్యనారాయణ 1934లో ఆ మహానవలను 29 రోజుల్లో ఆశువుగా చెప్పి తమ్ముడి చేత రాయించారని ప్రసిద్ధి. చదవడానికి మాత్రం కొందరికి 29 ఏళ్లు చాలడం లేదు. పీవీ నరసింహారావు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు కాబట్టి ఆయన చివరిదాకా చదివారని నమ్మొచ్చు. మిగతావాళ్ల సంగతి వాళ్లింటి షోకేసే చెబుతుంది. పుస్తకం చేతిలోకి తీసుకుంటే మొదటి అరవై పేజీల అంచులు నలిగి, కాస్త మాసి ఉంటాయి. అక్కడో పాత బస్సు టికెట్టు. ఆ తర్వాతి కాగితాలకు ప్రెస్సులోంచి వచ్చిన నాటి పెళపెళ ఇంకా పోలేదు. ఇంటాయన మాత్రం "అసలు ధర్మారావు పాత్ర ఉంది చూశారూ..." అని మొదలెడతారు.

మరో ప్రశ్నపత్రం నవీన్ 'అంపశయ్య'. అది రవి అనే విద్యార్థి ఒక్కరోజు ఆలోచనల్లోనే నడుస్తుంది. ఆ ధోరణి పట్టుబడినవాళ్లకు ప్రాణం. "ఇంతకీ కథేదండీ?" అనేవాళ్లకు పేరు సార్థకం!

ఈ విసుగు మన పాఠకులకే పరిమితం కాదు. జేమ్స్ జాయిస్ నవల 'యులిసిస్' 1922లో వచ్చింది. ఆ ఏడాదే ఇంగ్లిష్ నవలా రచయిత్రి వర్జీనియా వూల్ఫ్ రెండొందల పేజీలు చదివేసరికి విసుగెత్తిపోయానని డైరీలో రాసుకున్నారు. పట్టుబట్టి పూర్తిచేశాక కూడా గురి తప్పిన పుస్తకమనే తేల్చారు. ఆమె స్థాయిని మన దీక్షాపరులు ఎక్కడ కొలుస్తారో! ఫ్రెంచి రచయిత డానియెల్ పెనాక్ 1992లో పాఠకుడికి పది హక్కులు రాసిచ్చారు. మూడోది, పుస్తకం పూర్తి చేయకుండా ఉండే హక్కు. అమెరికన్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ అయితే లెక్కే కట్టారు: యాభై పేజీలు చూడండి, బాగోకపోతే వదిలేయండి. యాభై ఏళ్లు దాటినవాళ్లు వందలోంచి వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు. డెబ్బై ఏళ్ల పెద్దాయనకు ముప్పై పేజీలతో విముక్తి.

ఈ జ్ఞానం మన అద్దె పుస్తకాల షాపుల కాలంలో అందరికీ ఉండేది. రోజుకింత అని మీటరు తిరుగుతుంటే నచ్చని నవలను ఎవరు అట్టేపెట్టుకుంటారు? మర్నాడే తిరిగిచ్చేసి యద్దనపూడినో యండమూరినో పట్టుకెళ్లేవారు. వారపత్రికలో సీరియల్ నచ్చకపోతే ఆ పేజీలు దాటేసి కార్టూన్లు చూసుకునేవారు. స్థాయి గురించి ఎవరూ అడగలేదు. నవల కొని షోకేసులో పెట్టుకోవడం మొదలయ్యాకే ఈ పరువు తంటా.

అలాగని ఆపినవాళ్లందరూ అమాయకులేం కాదు. ముప్పై పేజీలకే మూసేసి, మొత్తం నవల మీద మూడు పేజీల సమీక్ష దంచే ఘనులున్నారు. వాళ్లకొక్కటే మనవి: నవలను నిరభ్యంతరంగా వదిలేయండి, కానీ సమీక్ష మొదటి వాక్యంలోనే ఎన్నో పేజీ దగ్గర ఆపారో రాయండి.