ఆదివారం సంఘానిది, మిగతా రోజులు అందరివీ

నేను లండన్‌లో ఇజ్లింగ్టన్ ప్రాంతంలోని యూనియన్ చాపెల్ అనే క్రైస్తవ మందిరపు ఆర్గన్‌ని. 1877లో పుట్టాను. నన్ను తయారుచేసినవాడు హెన్రీ విల్లిస్. ఆర్గన్లు తెలిసినవాళ్లు ఆయన్ని ఇప్పటికీ ‘ఫాదర్ విల్లిస్’ అనే అంటారు. ఈ మందిరాన్ని కట్టిన వాస్తుశిల్పి జేమ్స్ క్యూబిట్. నన్ను పుల్పిట్ వెనక జాలీ తెరల చాటున కూర్చోబెట్టారు. జనం చూపు వాయించేవాడి మీదికి పోకూడదని, పాట సంఘమంతా పాడాలని వాళ్ల కోరిక. నా గొట్టాలకు గాలి అందించింది నీళ్లే. నీటి ఒత్తిడికి యంత్రం కదిలేది, యంత్రంతో పాటు తిత్తులు ఆడేవి.

మా సంఘం నాకంటే పాతది. 1799లో మొదలైంది. ప్రభుత్వ చర్చికి లోబడని స్వతంత్ర శాఖ మాది. అప్పట్లో ఇంగ్లండ్‌లో 1753 నాటి వివాహ చట్టం అమల్లో ఉండేది. క్వేకర్లు, యూదులు తప్ప ఎవరైనా సరే ప్రభుత్వ చర్చిలో పెళ్లాడితేనే ఆ పెళ్లి చెల్లేది. మావాళ్లు బిడ్డ పెళ్లి కోసం తమది కాని గుడి మెట్లు ఎక్కాల్సి వచ్చేది. 1836లో కొత్త చట్టం వచ్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి మావంటి మందిరాలు నమోదు చేయించుకుని, తమ కప్పు కిందే పెళ్లిళ్లు జరిపించుకున్నాయి. అందుకే బయటి జంట ఎవరైనా వచ్చి ఈ చోటు అడిగితే నాకు సంతోషం. పెళ్లికి చోటు కోసం ఇతరుల గడప తొక్కడం ఎలా ఉంటుందో ఈ శాఖకు తెలుసు.

నా చిన్నతనంలో ఇక్కడ 1,500 మందికి పైగా కూర్చునేవారు. ఇరవయ్యో శతాబ్దం నడిచేకొద్దీ బెంచీలు ఖాళీ అయ్యాయి. మనుషులు తగ్గినా కప్పు వైశాల్యం తగ్గదు కదా! వాన కారిన చోటల్లా ఖర్చే. 1980ల తొలినాళ్లలో ఈ కట్టడాన్ని కూల్చేయాలన్న ఆలోచన కూడా వచ్చింది. దీన్ని ప్రేమించేవాళ్లు ఏకమై అడ్డుపడ్డారు. 1990ల మొదట్లో కచేరీలకు తలుపులు తెరిచారు. ఆర్గన్‌కు మౌనం మంచిది కాదు. వాయించేవాళ్లు లేకపోతే తోలు ఎండుతుంది, గొట్టాల్లో దుమ్ము పేరుకుంటుంది. మందిరానికీ అంతే.

తర్వాత ఎన్నెన్ని గొంతులు విన్నానో! 1999లో గాయని బ్యోర్క్ పాడింది. 2006లో గాయని ఆమీ వైన్‌హౌస్ పాడింది. అదే బెంచీల మీద, అదే పుల్పిట్ ఎదుట జనం ఊపిరి బిగబట్టి విన్నారు. కొన్ని సాయంత్రాలు పెళ్లి విందులు, కొన్ని సాయంత్రాలు ఉపన్యాసాలు.

దేవాలయంలో వర్తకుల బల్లలు యేసు పడదోశాడు కదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ బల్లల దగ్గర డబ్బు బీదవాడి చేతి నుంచి వెళ్లేది. ఇక్కడ అద్దె సొమ్ము కప్పు మరమ్మతుకు, ఈ మందిరం చేసే సేవకు వెళ్తుంది. ఈ ఆవరణలోనే ‘మార్జిన్స్’ అనే సేవా కేంద్రం ఉంది. ఇల్లూ వాకిలీ లేనివాళ్లు అక్కడికి వస్తారు. వేడి భోజనం చేస్తారు, స్నానం చేస్తారు, బట్టలు ఉతుక్కుంటారు, ఇంటి కోసం ఎవరిని కలవాలో తెలుసుకుంటారు. దేవుడి ఇంట్లో ఇంతకంటే తగిన ఖర్చు నాకు కనపడదు.

నాకూ మేలు జరిగింది. లాటరీ సొమ్ముతో నడిచే వారసత్వ నిధి సాయంతో నన్ను బాగుచేసి, నా పాత నీటి యంత్రాన్ని మళ్లీ నడిపించారు. 2016లో ‘ఆర్గన్ రీఫ్రేమ్డ్’ అనే ఉత్సవం మొదలైంది. ఈ కాలపు స్వరకర్తలు నాకోసం కొత్త సంగీతం రాశారు. ఆదివారం ఆరాధన మాత్రం ఆగలేదు.

అద్దెకిచ్చే ప్రతి సంఘానికీ నాదొక మాట. అద్దె పుస్తకంలో ముందుగా ఆరాధన వేళ రాయండి, దాని కిందే ఆకలిగొన్నవాళ్ల వేళ రాయండి. ఎవరు ఎంత డబ్బిచ్చినా ఆ రెండు వేళల్నీ మార్చకండి. మిగిలిన ఖాళీల్ని ధైర్యంగా అద్దెకివ్వండి. అద్దె కట్టలేని జంటలకోసం ఏడాదికి కొన్ని రోజులు ఉచితంగా ఉంచండి. అప్పుడు మీ మందిరం ఎవరికి అద్దెకిచ్చినా దేవుడి ఇల్లుగానే ఉంటుంది.